ఫిలిం లేని నలభై ఫోటోలు

పలమనేరు,
12 నవంబరు 1945.

కాశిం చిన్నాయనకు ఆనందమ్మ నమస్కారాలు.

మీరూ రంజాన్‌బీ చిన్నమ్మా బాగున్నారని తలుస్తాను. నాయన పోయిన తర్వాత మీకు జాబు రాయడం ఇదే మొదలు. మూడేళ్ళు ఊరకుండి, ఇప్పుడు పని పడ్డాక రాస్తున్నానని తిట్టుకోకండి. తిట్టినా సరే, చివరిదాకా చదివి తిట్టండి.

మా ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ ఓడెక్కడానికి పోయిన వారం మద్రాసు వెళ్ళిపోయింది. ఆరేళ్ళు ఆమె వెంట పల్లెపల్లెకూ కాన్పులకు తిరిగాను. వెళ్తూ వెళ్తూ వంటమనిషికి గోడగడియారం, బండి తోలే మునెయ్యకు గొడుగు, నాకు తన కెమెరా ఇచ్చింది. చూడడానికి నల్ల అట్టపెట్టె. ముందర ఒక గాజుకన్ను, పక్కన నొక్కే మీట, దాని కింద తిప్పే మర, నెత్తిన చిన్న అద్దం. కడుపుకు ఆనించుకొని వంగి ఆ అద్దంలో చూస్తే ఎదుటి మనిషి గోరంత కనిపిస్తాడు. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. మొదటి రోజు మునెయ్యను ఇటు జరుగు, ఇటు జరుగు అని కుడితి తొట్టిలో పడేసినంత పని చేశాను.

చిన్నప్పుడు మన రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. మీ స్టూడియోలో నల్లగుడ్డ కింద దూరి దాక్కుని, మీ చేత చెవి మెలిపెట్టించుకున్నది నేనే. అప్పటి నుంచీ ఈ పని మీద ఆశ. కాంపౌండరు కూతురి చేతికి సూదిమందే తగునని నాయన నర్సు చదువుకు పంపాడు. ఆ పనీ నాకు ఇష్టమే. కానీ ఇప్పుడు కెమెరా తనంతట తాను నా ఒళ్ళోకి వచ్చి కూర్చుంది, దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయడానికి మనసు రావడం లేదు. ఫిలిం మాత్రం లేదు. ఒక్క ఫిలిం చుట్ట పంపి, ఫోటో ఎట్లా తీయాలో నాలుగు ముక్కల్లో రాయండి.

మీ బిడ్డ,
ఆనందమ్మ.


తిరుపతి,
19 నవంబరు 1945.

చిరంజీవి ఆనందమ్మకు కాశిం సాహెబ్ దువా.

జాబు చేరింది. నువ్వు చెప్పినట్టే చివరిదాకా చదివి తిట్టాను. మీ నాయన జయరావు అక్షరాలే నీ అక్షరాలు. కవరు మీద చూడగానే ఒక్క క్షణం వాడే రాశాడనుకున్నాను.

నాలుగు ముక్కల్లో రాయమన్నావు. నువ్వు ఆరేళ్ళు నేర్చుకున్న నర్సు పని నాకు నాలుగు ముక్కల్లో రాసి పంపు. రేపటి నుంచి నేనూ కాన్పులు చేస్తాను.

ఫిలిం లేదు. యుద్ధమైపోయిందని ఊరంతా మిఠాయిలు పంచారు గానీ, ఆ సంగతి ఫిలిం అమ్మే వాళ్ళకు ఇంకా చేరినట్టు లేదు. మద్రాసుకు పది ఉత్తరాలు రాస్తే ఒక జవాబు వస్తుంది. నా పెద్ద కెమెరాకు కావలసిన గాజు పలకలకే దిక్కులేదు. కొండ దిగి వచ్చిన వాళ్ళు ఫోటో దిగడానికి తెల్లని గుండ్లతో గుమ్మం ముందర బారు తీరి ఉంటే, రేపు రండి, ఎల్లుండి రండి అంటూ కూర్చున్నాను.

అయినా ఫిలిం లేకపోవడమే నీకు మంచిదయింది. రేపటి నుంచి నలభై రోజులు ఖాళీ కెమెరాతో ఫోటోలు తియ్యి. రోజుకొక్కటి. మీట ఒక్కసారే నొక్కాలి. నొక్కాక బాగా లేదనిపించినా రెండోసారి నొక్కకూడదు. ఆ సాయంత్రమే ఏం తీశావో రాసి పెట్టుకో. వెలుగు ఎటు నుంచి పడింది, మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడు, అంచుల్లో ఏముంది, అన్నీ రాయాలి. నాకు పంపితే నేను దిద్దుతాను. నలభై ఎందుకంటావా? మీ క్రైస్తవులకు శ్రమదినాలు నలభై, మాకు చిల్లా ధ్యానం నలభై, మన కొండకు మొక్కుకునే వాళ్ళకూ మండలం దీక్షలున్నాయి. ముగ్గురూ ఒప్పుకున్న లెక్క మన ఇద్దరికి చాలదా?

నేను ఊరికే నేర్పను. గురుదక్షిణ ఒకటుంది, ముందే చెప్తున్నాను. నువ్వు మీ చిన్నమ్మను ఫోటో తీసిపెట్టాలి.

నవ్వకు. సగం తిరుపతి నా ముందర ఫోటో దిగింది. నా పెళ్ళానిది మాత్రం ఒక్క ఫోటో నా ఇంట్లో లేదు. పరాయి మగవాడి ముందర ఆమె కూర్చోదు. నా ముందర కూర్చోమంటే ముప్పై ఏళ్ళుగా ఒకటే మాట. నిన్న నీ జాబు చదివి వినిపించి మళ్ళీ అడిగాను. "నీ ముందర నిలబడినోళ్ళంతా తాసిల్దారు ముందర నిలబడినట్లు ఉండారు. తల ఎత్తు, గడ్డం దించు, నవ్వద్దు అని గద్దిస్తావు. నేను అట్ల దిగను. ఆడబిడ్డ తీయాల, అదీ గద్దించకుండా తీయాల. ఆ ఆనంద నేర్చుకొని వస్తే సూస్తాం" అంది. ముప్పై ఏళ్ళలో ఆమె ఇంతవరకు దిగి రావడం ఇదే. ఇప్పుడు నా ఆశంతా నీ మీద ఉంది.

సూర్యుణ్ణి వీపున పెట్టుకో. పది అడుగులకు తగ్గకు. ఊపిరి బిగబట్టి నొక్కు.

కాశిం.


పలమనేరు,
3 డిసెంబరు 1945.

చిన్నాయనకు నమస్కారాలు.

నవంబరు ఇరవై రెండున మొదలుపెట్టాను. ఇవాళ్టికి పన్నెండు ఫోటోలు. ఊరంతా నన్ను మంచి ఫోటోగ్రాఫరనుకుంటోంది. ఫిలిం లేదన్న సంగతి మీకూ నాకూ మునెయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు.

మొదటి రోజు ఆసుపత్రి తెల్లకోడి. తెల్లగోడ పక్కన, ఎదురుగా ఎండ, పది అడుగులు. రెండో రోజు సంతకు వచ్చిన ఎడ్లు. అంచుల్లో ఏముందో రాయమన్నారు గనక రాస్తున్నాను, ఒక అంచున ఎద్దు తోక, ఇంకో అంచున ఎద్దు తల. నడుమ ఏమీ లేదు. మూడో రోజు మునెయ్య గొడుగు వేసుకొని. వానా లేదు, ఎండా లేదు, గొడుగు కోసమే గొడుగు.

ఐదో రోజు జరిగింది మాత్రం వివరంగా రాయాలి. గంగవరం దారిలో గురవమ్మ అవ్వ బండి మీద చెరకు గడల పైన కూర్చొని వస్తోంది. తెల్లజుట్టు, నుదుట పెద్ద బొట్టు, ఒళ్ళో మనుమడి పలక. ఎండ సరిగ్గా ముఖాన పడుతోంది. ఇదే నా ఫోటో అనుకొని బండి ఆపించి, "అవ్వా, ఫోటో దిగుతావా?" అని అడిగాను. "దిగుతా తల్లీ" అంది. నేను అద్దంలోకి వంగి చూస్తే చెరకు గడలున్నాయి, అవ్వ లేదు. తల ఎత్తి చూస్తే బండి దిగి నా పక్కన నిలబడి ఉంది!

"ఏందవ్వా, దిగినావు?"

"నువ్వే గదమ్మే దిగమంటివి. దిగినా. ఇంగేం జెయ్యాల?"

"బండి దిగమనలేదు, ఫోటో దిగమన్నాను."

"ఫోటో యాడుండాది? దాని మింద ఎక్కితే గదా దిగేది?"

మునెయ్య నవ్వి నవ్వి పగ్గాలు వదిలేశాడు. అవ్వను మళ్ళీ గడల మీదికి ఎక్కించేసరికి ఎండ పోయింది. ఆ రోజుకు ఒక్క నొక్కుడే కదా, మబ్బులో నొక్కాను. రాత్రి భోజనం దగ్గర అదే తలుచుకొని నవ్వుకున్నాను.

తొమ్మిదో రోజు ఒక పాకలో గేదె. పాకంతా చీకటి. ముందు కాళ్ళూ మూతీ మాత్రం వెలుగులో ఉన్నాయి. పన్నెండో రోజు మా ఆసుపత్రి మెట్ల మీద బాలింతలందరినీ బిడ్డలతో వరుసగా కూర్చోబెట్టి, తల పైకెత్తండి అన్నాను. అందరూ భయపడ్డారు. చిన్నమ్మ మాట గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

మీ బిడ్డ,
ఆనందమ్మ.


తిరుపతి,
10 డిసెంబరు 1945.

చిరంజీవి ఆనందమ్మకు.

నీ ఫోటోలన్నీ చూశాను. లేని ఫోటోలను చూడడం ఈ వయసులో నాకూ కొత్తే, కానీ తప్పులు బాగానే కనిపించాయి.

తెల్లగోడ పక్కన తెల్లకోడి. ఫోటోలో నీకు మిగిలేది ఒక ముక్కూ రెండు కళ్ళూ. ఎద్దు సంగతి చెప్పనక్కరలేదు. తోకనూ తలనూ తెచ్చావు, ఎద్దును సంతలో వదిలేశావు. మునెయ్య గొడుగు నీడ మునెయ్య ముఖం మీదే పడి ఉంటుంది, ఆ ఫోటో చూపించి ఇది ఎవరని అడిగితే వాడి పెళ్ళాం కూడా చెప్పలేదు.

గేదె మాత్రం ఫర్వాలేదు. నా దగ్గర ఫర్వాలేదు అంటే అదే పెద్ద మాటని గుర్తుంచుకో. ఒక సంగతి చెప్తాను, బాగా విను. నల్లని చోట ఫిలిం నిద్రపోతూ ఉంటుంది. వెలుగు తగిలిన చోటే మేలుకుంటుంది. నీ గేదె పాకలో మూతి పడిన మేర తప్ప తక్కిన ఫిలిం అంతా నిద్రలోనే ఉండిపోతుంది, మీట నొక్కిన సంగతే దానికి తెలియదు. చీకటిని వెనక పెట్టుకొని మనిషిని వెలుగులోకి లాగడం నాకు పదేళ్ళకు తెలిసింది. నీకు తొమ్మిదో రోజున గేదె నేర్పింది.

గురవమ్మ కథ మీ చిన్నమ్మకు చదివి వినిపించాను. వంటింట్లో కూర్చొని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు మొఖం చూసి, ఇదీ ఫోటో అనుకున్నాను. నేను అనుకోవడం ఆమె కనిపెట్టి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె చెప్పమన్న మాట ఇది: "ఆ అవ్వ నాకు నచ్చింది. నన్ను కూడా యాడ కూర్చుంటే ఆడనే తీయాల, దిగమనద్దు ఎక్కమనద్దు."

పక్కనే నిలబడి, రాశావా లేదా అని చూస్తోంది. రాశాను.

కాశిం.


పలమనేరు,
1 జనవరి 1946.

చిన్నాయనకు, చిన్నమ్మకు కొత్త సంవత్సరపు నమస్కారాలు.

నిన్నటితో నలభై నిండాయి. ఒక్క రోజు కూడా తప్పలేదు. క్రిస్మస్ రోజు గుడిలో అందరూ కళ్ళు మూసుకొని ప్రార్థన చేస్తుంటే, నేను ఒక కన్ను తెరిచి కిటికీలోంచి పడే వెలుగు ఎవరి మీద పడుతోందో చూస్తూ కూర్చున్నాను. దేవుడు క్షమిస్తాడనే అనుకుంటున్నాను, వెలుగు ఆయనదే కదా.

నలభయ్యో ఫోటో ఒక్కదాని గురించే రాస్తాను. రాళ్ళు కొట్టే కూలీల గుడిసెలో చంద్రకాంతమ్మ అనే పిల్లకు తొలిచూలు. కాన్పు చాలా కష్టమైంది. తల్లీ బిడ్డా దక్కరనే అనుకున్నాను. తొమ్మిది రోజుల తర్వాత చూడడానికి వెళ్తే, పొద్దుటి ఎండలో గుడిసె ముందర కాళ్ళు చాపుకొని, కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి నూనె రాస్తోంది. కెమెరా చూసి కొంగు సర్దుకోబోయింది. నేను పక్కనే కూర్చొని, పాలు సరిగా తాగుతున్నాడా, నిద్రపోతున్నాడా అని అడుగుతూ ఉన్నాను. కాసేపటికి కెమెరాను మరిచిపోయింది, నన్నూ మరిచిపోయింది. బిడ్డ వీపు మీద చెయ్యి ఆనించి అట్లాగే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు నొక్కాను.

టక్‌మంది. ఖాళీ పెట్టె. ఆ ఒక్క రోజూ ఫిలిం లేనందుకు నాకు ఏడుపొచ్చింది చిన్నాయనా. ఫోటో వస్తే ఇస్తానని ఆ పిల్లకు మాటిచ్చి వచ్చాను.

ఇప్పుడైనా ఒక్క చుట్ట పంపండి.

మీ బిడ్డ,
ఆనందమ్మ.


తిరుపతి,
14 జనవరి 1946.

ఆనందా,

చుట్ట పంపుతున్నాను. మద్రాసు మనిషి కాళ్ళావేళ్ళా పడితే దొరికింది. పోస్టు బంట్రోతు తాగే చుట్ట అనుకొని వాసన చూశాడు, జాగ్రత్తగా ఇమ్మని చెప్పాను.

నీడలో కూర్చొని ఫిలిం ఎక్కించు. కెమెరా వెనక ఎర్రగాజు కన్నం ఉంటుంది. మర తిప్పుతూ ఉంటే అందులో 1 అంకె కనిపిస్తుంది, అక్కడ ఆపు. మొత్తం ఎనిమిది ఫోటోలు. ఎనిమిదీ అయ్యాక మర చివరిదాకా తిప్పి, చుట్టను నల్లకాగితంలో చుట్టి నాకు పంపు, నేను కడుగుతాను.

ఎనిమిదంటే ఎనిమిదే. నలభై రోజులు నేర్చుకున్నది గుర్తు పెట్టుకో.

కాశిం.


తిరుపతి,
11 ఫిబ్రవరి 1946.

చిరంజీవి ఆనందమ్మకు.

చుట్ట చేరింది, నిన్న కడిగాను. మంచం మీద కూర్చొని చదువు.

ఫిలిం అంతా ఖాళీ. ఖాళీ పెట్టెతో తీసిన వాళ్ళనే మళ్ళీ తీశావు గానీ, మొదటి ఫోటో ఒక్కటే ఉంది, అందులో ఎనిమిదీ ఉన్నాయి. గురవమ్మ నెత్తిన ఎద్దు కొమ్ములున్నాయి. మునెయ్య గొడుగులో బిడ్డ పడుకున్నాడు. ఆసుపత్రి మెట్ల మీద గేదె కూర్చుంది. నువ్వు మీట నొక్కావు, మర తిప్పలేదు. ప్రతి ఫోటోకూ మర తిప్పి తర్వాతి అంకె తెచ్చుకుంటేనే కొత్త ఫిలిం వస్తుంది. తిప్పకపోతే ఫిలిం కదలదు, ఒక దాని మీద ఒకటి పడతాయి. నలభై రోజులు ఖాళీ పెట్టెతో నొక్కడమే అలవాటై, తిప్పడం నీ చేతికి రాలేదు.

ఇంతవరకు రాసి మీ చిన్నమ్మకు వినిపించాను. "తిప్పమని నువ్వు రాసినావా?" అని అడిగింది. నీకు పంపిన జాబులోని మాటలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. 1 దాకా తిప్పమని రాశాను. ఎనిమిది అయ్యాక తిప్పమని రాశాను. నడుమ తిప్పమని రాయలేదు. నా కెమెరాలో గాజు పలక మార్చడమే గానీ తిప్పడమనేది లేదు. ముప్పై ఏళ్ళుగా తిప్పని చెయ్యి తిప్పమని రాయడం మరిచిపోయింది.

సగం తప్పు నాది. ముప్పాతిక నాదని మీ చిన్నమ్మ అంటోంది.

కాశిం.


పలమనేరు,
20 ఫిబ్రవరి 1946.

చిన్నాయనకు నమస్కారాలు.

తప్పు మీది కాదు. రోజూ కెమెరా పట్టుకొని తిరిగిన దాన్ని, అంకె మారడం లేదే అని ఒక్కసారైనా ఆలోచించలేదు. ఎర్రగాజు పాతబడి తక్కిన అంకెలు కనిపించడం లేదనుకున్నాను. వేళ్ళ మీద ఎనిమిది లెక్కపెట్టుకున్నాను.

తక్కిన ఏడూ పోతే పోయాయి. నాకు బాధంతా చంద్రకాంతమ్మ గురించే. ఆమెను ఈసారి ఫిలింతో తీశాను. అదే తీరున బిడ్డ వీపు మీద చెయ్యి పెట్టి చూస్తోంది. నిన్న ఫోటో పోయిందని చెప్పడానికి వెళ్తే గుడిసె ఖాళీగా ఉంది. కూలీలంతా మైసూరు వైపు పనికి వెళ్ళిపోయారట. ఆమెకిచ్చిన మాట నేను నిలబెట్టుకోలేదు, ఇక ఆమె ఎక్కడుందో కూడా తెలియదు.

నన్ను నమ్మి చిన్నమ్మ ముప్పై ఏళ్ళకు ఒప్పుకుంది. ఆమెను కూడా ఇట్లాగే పాడుచేస్తానని భయంగా ఉంది. కెమెరాను గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పెట్టాను. గురుదక్షిణ బాకీ ఉండనివ్వండి.

ఆనందమ్మ.


తిరుపతి,
2 మార్చి 1946.

ఆనందక్కకు మెహరాజ్ బేగం సలాములు.

అమ్మీకి తెలుగు రాయడం రాదు గనక ఆమె చెప్తుంటే నేను రాస్తున్నాను. అబ్బా స్టూడియోలో ఉన్నాడు, ఈ జాబు సంగతి ఆయనకు తెలియదు. నేను పురిటికి వాణియంబాడి నుంచి పుట్టింటికి వచ్చాను. ఇక అమ్మీ మాటలు, ఒక్క ముక్క మార్చకుండా:

"మే ఆనందా! పెట్టె అడుగున పెట్టేదానికి అదేమన్నా పట్టుచీరా? తీయి బయటికి. ఈ పిల్లకు ఈ నెలాఖరులో కాన్పు. ఆసుపత్రిలో సెలవు పెట్టి పదైదు దినాలు ఈడికి వచ్చేయి. నీ చేతి మీద పుట్టాలని నా కోరిక. వచ్చేటప్పుడు కెమెరా తేకపోతే వాకిట్లోకి రానియ్యను.

ఆ ఎనిమిదీ కలిసిన ఫోటో మెహరాజ్ అబ్బా చించేస్తానంటే నేను లాక్కొని దాచిపెట్టినా. రోజుకొకసారి చూస్తా ఉండా. ముసలామె నెత్తిన కొమ్ములు చూస్తే నవ్వు ఆగదు. ఆ కూలిపిల్లది కూడా కనపడతాది, బాగా చూస్తే. బిడ్డ మీద చెయ్యి అట్లనే ఉండాది. నువ్వు ఏమీ పోగొట్టలేదు బిడ్డా. ఆ తప్పు గురించి నీతో ఒక మాట చెప్పాల. జాబులో చెప్పేది కాదు, వచ్చినాక చెప్తా."

అదేం మాటని నేను అడిగితే నాకూ చెప్పలేదు. అబ్బా ఇంకొక ఫిలిం చుట్ట తెప్పించి, నీ కోసమని బీరువాలో పెట్టాడు. రోజూ తీసి చూసుకొని మళ్ళీ పెడుతున్నాడు. తప్పకుండా రా అక్కా.

మెహరాజ్.


తిరుపతి,
17 ఏప్రిల్ 1946.

ఆనందమ్మకు.

నువ్వు పలమనేరు బస్సు ఎక్కి నాలుగు రోజులైంది. నీ మీద కోపం తగ్గితే రాద్దామని చూశాను. తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

నా మనుమరాలు నీ చేతి మీద క్షేమంగా పుట్టింది. ఆ ఋణం నేను తీర్చుకోలేను. మెహరాజ్ నొప్పులు పడుతున్నప్పుడు నువ్వు లేకపోతే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయమేస్తుంది. అందుకే నీ ముందర ఏమీ అనలేకపోయాను. జాబులో అనేస్తాను.

పదిహేను రోజుల్లో ఏడు ఫోటోలు తీశావు. ఏడుసార్లూ నొక్కగానే "తిప్పినా చిన్నాయనా!" అని వీధికి వినిపించేలా అరిచావు. అలవాటైందిలే అని నేనూ గుండె మీద చెయ్యి వేసుకున్నాను. ఎనిమిదోది మీ చిన్నమ్మకని దాచాం. ఆమె బిడ్డను ఒళ్ళో పెట్టుకొని పెరట్లో కట్టెల కొట్టం ముందర కూర్చుంది. నేను ఉంటే దిగనంటే, స్టూడియో ముందుగదిలో కూర్చొని తస్బీహ్ పూసలు తిప్పుకుంటున్నాను. టక్‌మని వినిపించింది. ముప్పై ఏళ్ళ ఆశ తీరింది, షుక్రియా అనుకున్నాను.

కాసేపటికి మీ చిన్నమ్మ బిడ్డతో లేచి పక్కకు తప్పుకున్నాక నన్ను పిలిచి, "చిన్నాయనా, ఇట్లాంటి చోట మనిషిని ఎక్కడ నిలబెట్టాలో కొంచెం చూపించండి" అన్నావు. నేర్చుకునే పిల్ల అడుగుతోంది కదా అని కొట్టం ముందర నిలబడి వేలు పైకెత్తి చెప్తున్నాను. తల ఇట్లా, గడ్డం ఇట్లా. నా ఎదురుగా నిలబడి నువ్వు మళ్ళీ నొక్కావు! తిప్పిన చప్పుడు లేదు. పరుగెత్తి వచ్చి చూస్తే ఎర్రగాజులో అంకె ఎనిమిదే ఉంది. నా పెళ్ళాం మీద నా మొఖమే పడి ఆమె మొఖం పోయింది.

నువ్వు తల దించుకున్నావు. మీ చిన్నమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది, ఏడుస్తోందనుకొని నేను గుండె చెదిరి లోపలికి వెళ్ళిపోయాను. ఆ చుట్టను ఇంతవరకు కడగలేదు. కడగడానికి చేతులు రావడం లేదు.

కాశిం.


పలమనేరు,
21 ఏప్రిల్ 1946. ఈస్టరు.

చిన్నాయనకు నమస్కారాలు.

మీరు ఎంత తిట్టినా పడతాను. నేను ఒకరికి మాటిచ్చాను, అందుకని ఏమీ చెప్పలేను. ఈసారి ఈ మాటైనా నిలబెట్టుకోవాలి.

ఒక్కటే అడుగుతున్నాను. ఫిలిం కడగండి. కొట్టం లోపల ఎంత చీకటిగా ఉందో, చీకటిలో ఫిలిం ఏం చేస్తుందని మీరు నాకు డిసెంబరులో రాశారో గుర్తు చేసుకొని కడగండి.

మీ బిడ్డ,
ఆనందమ్మ.


తిరుపతి,
26 ఏప్రిల్ 1946.

నా బిడ్డ ఆనందమ్మకు,

మొన్న కడిగాను. కడిగి, చీకటి గదిలో ఎర్రదీపం కింద స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. లోపలేదో అయిందని మెహరాజ్ తలుపు కొట్టింది. ఏమీ కాలేదు, ఏడుస్తున్నానని చెప్పాను. చెప్పడానికి సిగ్గేమీ అనిపించలేదు.

ఫోటోలో ఎడమపక్కన మీ చిన్నమ్మ. ఒళ్ళో పసిది నిద్రపోతోంది. వెనకంతా కొట్టం చీకటి. నువ్వు ఆమెను కావాలనే ఆ పక్కకు కూర్చోబెట్టి, కుడి సగం ఖాళీగా వదిలేశావు. ఆ సగం ఫిలిం నిద్రపోతూనే ఉంది. అందులోకి నన్ను తెచ్చి నిలబెట్టావు. కుడిపక్కన నేను, వేలు పైకెత్తి, కళ్ళు పెద్దవి చేసి గద్దిస్తున్నాను. ఆమె నా వైపు తిరిగి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. నేను వేలు ఎత్తిన దానికే ఆమె నవ్వుతున్నట్టుంది! ఒకరి మీద ఒకరం వెంట్రుకవాసి కూడా పడలేదు. చూసిన వాళ్ళెవరూ రెండుసార్లు తీసిన ఫోటో అనుకోరు. నేనే తీయలేను ఇట్లాంటిది.

అచ్చు తీసి తీసుకెళ్ళి ఆమె ముందర పెట్టాను. ఇది ఎవరి పని అని అడిగాను. నెమ్మదిగా వక్క నములుతూ చెప్పింది.

"నాదే. ఆ పిల్ల ఎనిమిదీ కలిపి తీసింది చూసినాక నాకు తోచినాది. పెళ్ళయినప్పటి నుంచి నువ్వు కెమెరా ఎనక, నేను తెర ఎనక. ఒక్కసారన్నా ఇద్దరం ముందరికి రావద్దా?"

"ఆ మాట నాకు చెప్తే పక్కన కూర్చోనా?"

"చెప్తే నువ్వు టోపీ పెట్టుకొని, గడ్డం దువ్వుకొని, తాసిల్దారువైపోతావు. నాకు తాసిల్దారు వద్దు. రోజూ నన్ను గద్దించే ఆ మొగుడే కావాల."

కొంగు అడ్డం పెట్టుకొని ఆమె ఏడుస్తోందనుకున్నానే, ఆ రోజు నవ్వు ఆపుకోవడానికి అంట!

తర్వాత ఫోటోను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. ఆమెకు కొంచెం సిగ్గేసింది. "ఏం సూస్తా ఉండావు? ఆడా నేనే, ఈడా నేనే" అంది. ఆమె మాట నిజమే, ఆడా ఈడా ఒకే మనిషి ఉంది. ఫోటోలో మనిషి మనిషిలాగే ఉండడం నా ముప్పై ఏళ్ళ పనిలో ఎన్నిసార్లు జరిగిందో తెలియదు. నిన్న ఒక కుటుంబం కొండ దిగి వచ్చింది, ఐదుగురూ గుండ్లే. గద్దించకుండా, కాస్త నవ్వండి అన్నాను. నేను వెక్కిరిస్తున్నాననుకొని పెద్దాయన కోపగించుకున్నాడు. నాకు ఇంకా సాధన కావాలి. ఖాళీ కెమెరాతో నలభై రోజులు నేనూ మొదలుపెట్టాను. తప్పులుంటే దిద్దు.

పాత ఎనిమిది కలిసిన ఫిలింను కూడా మళ్ళీ తీసి, చంద్రకాంతమ్మ బిడ్డ మీద పెట్టిన చెయ్యి ఉన్నచోటును పెద్దది చేసి అచ్చు తీశాను. చుట్టూ గొడుగూ కొమ్ములూ కొంచెం ఉన్నాయి, కానీ చెయ్యి, బిడ్డ వీపు స్పష్టంగా తెలుస్తున్నాయి. ఈ కవరులోనే ఉంది. మైసూరు దారిలో తిరిగే బండ్లవాళ్ళ చేత వాకబు చేయించు. దొరికితే నీ మాట నిలిచినట్టే.

మన ఇంటి ఫోటోను స్టూడియో అద్దాల బీరువాలో పెట్టకూడదని హుకుం. లోపలి గదిలోనే ఉంది. అయినా ఎట్లా పొక్కిందో, వీధిలోని పరదా ఆడవాళ్ళంతా ఒకరొకరే పెరటి దారిన వచ్చి చూసి పోతున్నారు. ఆ నర్సమ్మ మళ్ళీ ఎప్పుడు వస్తుందని అందరూ అడుగుతున్నారు. నువ్వు ఎప్పుడు వస్తే అప్పుడు నాలుగు రోజులు స్టూడియో ఆడవాళ్ళకు వదిలేసి, నేను గుమ్మం బయట కూర్చుంటాను.

నీ ఫోటో గురించి నేను ఇంతవరకు ఫర్వాలేదు అనలేదని గమనించే ఉంటావు. ఇక ఆ మాట నీకు వాడను.

మద్రాసు నుంచి కొత్త చుట్ట వచ్చిందని ఇప్పుడే మీ చిన్నమ్మతో చెప్పాను. బిడ్డకు నూనె రాస్తున్నది తల ఎత్తి, "ఈసారి మర బాగా తిప్పుకోమను. ఎనిమిదీ నేనే దిగుతా" అంది.

కాశిం చిన్నాయన.